మాత్ర కరిగే సమయం

పద్నాలుగేళ్లపాటు నా ఉద్యోగం మాత్రలు నీటిలో కరిగే సమయాన్ని కొలవడం. హెచ్‌ఐవీ ఉన్న పసిపిల్లల మాత్రలను మింగించరు, నీటిలో కలిపి తాగిస్తారు. ఆ మాత్ర మూడు నిమిషాలలోపు పూర్తిగా విడిపోవాలి. ఆ నీళ్లు సన్నని జల్లెడలోంచి పలుకు మిగలకుండా దిగిపోవాలి. దిగకపోతే ఆ బ్యాచ్ మొత్తం ఆగిపోతుంది. 2005లో పెద్దల మందుల విభాగంలో చేరి, కొన్నేళ్ల తర్వాత పిల్లల మందులకు మారాను. ఆ పెట్టెలు కెన్యాకు, మలావీకి, జాంబియాకు వెళ్లేవి. ఒక్క బిడ్డ ఆ మందు తాగుతుండగా నేను చూడలేదు. పదవీ విరమణ రోజున శాలువాతోపాటు ఇంటికి తెచ్చుకున్న వెలితి అదే.

మా పెద్దమ్మ కూతురు కన్యాస్త్రీ. 1997 నుంచి నైరోబీలోనే ఉంటోంది. "కోవిడ్ తగ్గింది కదా తమ్ముడూ, ఇంకా ఎప్పుడొస్తావు?" అని ఫోనులో గట్టిగా అడిగింది. 2022 జూలైలో బయలుదేరాను.

నైరోబీ భూమధ్యరేఖకు కాస్త దిగువన ఉన్నా చాలా ఎత్తున ఉన్న నగరం. జూలైలో అక్కడ చలి. మబ్బులు ఇళ్ల కప్పుల మీదికి దిగినట్టున్నాయి. ఆగస్టు 9న ఎన్నికలు కావడంతో గోడలన్నీ అభ్యర్థుల ముఖాలే. అక్క ఉన్ని స్వెట్టరు తెచ్చి నా మీద కప్పి, కారెక్కకముందే మూడు మాటలు చెప్పింది. ఫొటోలు తీయకూడదు. ఏ బిడ్డకు ఉంది, ఏ బిడ్డకు లేదు అని అడగకూడదు. పిల్లల్ని వరసగా నిలబెట్టి మిఠాయిలు పంచకూడదు. నేను తెచ్చిన చాక్లెట్ల సంచి తీసుకుని, "ఇది వంటింట్లో ఇస్తాను, పుట్టినరోజులకు పనికొస్తుంది" అంది. ఆ మూడు నియమాల విలువ వారం తిరిగేసరికి నాకు బోధపడింది. అనాథ పిల్లల ముందు నిలబడి ఫొటో తీయించుకునే అలవాటు మన సేవా బృందాలకు ఎంతగా పట్టేసిందో తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మొదట వెళ్లింది నగరానికి నైరుతిలో, కారెన్ ప్రాంతంలో ఉన్న న్యుంబాని. స్వాహిలిలో ఆ మాటకు 'ఇంటి దగ్గర' అని అర్థం. యేసు సభ గురువు ఫాదర్ ఆంజెలో డి అగోస్టినో, లొరెటో సిస్టర్ మేరీ ఓవెన్స్‌తో కలిసి 1992లో దీన్ని ప్రారంభించారు. ఆయన అమెరికాలో శస్త్రవైద్యుడు, ఆ తర్వాత మనోవైద్యుడు, ఆ తర్వాతే గురువు. కెన్యాలో తొలి ఎయిడ్స్ కేసు 1984లో బయటపడింది. తొంభైలకు వచ్చేసరికి ఆసుపత్రుల్లో వదిలేసిన పసికందులను ఏ ఆశ్రమమూ తీసుకోవడం లేదు. ఆయన ముగ్గురితో మొదలుపెట్టారు.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటి ఉంది. తల్లికి హెచ్‌ఐవీ ఉంటే ఆమె రక్తంలోని ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) బిడ్డకూ వస్తాయి, పద్దెనిమిది నెలల దాకా ఉండవచ్చు. వాటిని మాత్రమే చూసే పరీక్ష, వైరస్ సోకని బిడ్డకు కూడా ఉందనే చెబుతుంది. అంటే ఎయిడ్స్ బిడ్డలని ముద్రవేసి వదిలేసిన వారిలో ఎందరికో అసలు ఆ జబ్బే లేదు. ఎవరైనా ఏడాదిన్నర పాటు ఎత్తుకుని, పాలు పట్టి, ఆగి చూస్తే తెలిసేది. అలా ఆగి చూసిన ఇల్లు ఇది. పరీక్షలో వైరస్ లేదని తేలిన పిల్లలు దత్తతకు వెళ్లారు. మిగిలినవారు ఉండిపోయారు.

"ఆ రోజుల్లో మేం పిల్లల్ని పెంచలేదు తమ్ముడూ, సాగనంపాం" అంది అక్క. న్యుంబానిలోనే కాదు, తన సభవారు నడిపే చిన్న వైద్యశాలలోనూ అదే పరిస్థితి. ఒక ఏడాది క్రిస్మస్‌కు కుట్టించిన గౌన్లలో కొన్ని క్రిస్మస్ దాకా ఆగలేదని చెప్పి, కాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది. మందులు లేవా అంటే, ఉన్నాయి. 1996 నుంచే ధనిక దేశాల్లో మూడు మందుల చికిత్సతో మనుషులు లేచి నడుస్తున్నారు. ఒక మనిషికి ఏడాదికి పదివేల డాలర్లకు పైనే అయ్యేది. 2001 ఫిబ్రవరిలో మన సిప్లా సంస్థ అధిపతి యూసుఫ్ హమీద్ అదే చికిత్సను 350 డాలర్లకు ఇస్తామన్నారు. పేటెంట్ల సంగతి ఎలా ఉన్నా చవక మందులు తెప్పిస్తామని కెన్యాలో బహిరంగంగా నిలబడినవారిలో ఫాదర్ డి అగోస్టినో ఒకరు. అదే ఏడాది ఆ దేశం చట్టం మార్చి దారి తెరిచింది.

నేను చూసిన న్యుంబానిలో చావు వాసన లేదు. చిన్న చిన్న కుటీరాలు, ఒక్కోదానికి ఒక అమ్మ. అక్కడి రక్తపరీక్షల ప్రయోగశాలను చూసి నా ప్రాణం లేచివచ్చింది. సాయంత్రం మందుల వేళ ఎవరి మాత్రలు వారు తీసుకుని, నీళ్లు తాగి, మళ్లీ బంతి దగ్గరికి పరుగెత్తారు. పళ్లు తోముకున్నంత మామూలుగా జరిగిపోయింది. ఆ మామూలుతనం చూస్తూ చాలాసేపు నిలబడ్డాను.

అక్కడే పరిచయమైన అమ్మాయి, ముప్ఫైకి దగ్గరలో ఉంటుంది, ఈ ఇంట్లోనే పెరిగింది. ఇప్పుడు పిల్లలకు సలహాలిచ్చే కౌన్సెలర్. నన్ను 'మ్‌జే' అని పిలిచేది, అంటే పెద్దాయన అని. 2003లో కెన్యా ప్రభుత్వం ప్రాథమిక విద్యను ఉచితం చేసింది. ఊళ్లో పిల్లలంతా బడికి వెళ్తున్నారు. న్యుంబాని పిల్లల్ని మాత్రం ప్రభుత్వ బడులు చేర్చుకోలేదు. అప్పుడు ఈమెకు ఎనిమిదేళ్లు. "యూనిఫాం వేసుకున్న పిల్లల్ని గేటులోంచి చూసేవాళ్లం. మాకు చదువు రాదేమో అనుకునేదాన్ని" అంది. ఫాదర్ న్యాయస్థానానికి వెళ్లారు. 2004 జనవరిలో ప్రభుత్వం దిగివచ్చి పిల్లల్ని చేర్చుకుంది.

ఆ మాట విన్న రాత్రి నిద్ర పట్టలేదు. మా సంఘంలో సువార్త సేవ అంటే మైదానంలో కూటం, మైకు, పాటలు. ఎయిడ్స్ దేవుడి శిక్ష అని ప్రసంగ వేదిక మీద నుంచే చెప్పిన రోజులు నాకు గుర్తున్నాయి. ఆ ప్రసంగాలకు ఆమేన్ అన్న గొంతుల్లో నాదీ ఉంది. ఎనిమిదేళ్ల పిల్లను బడిలో చేర్పించడానికి ప్రభుత్వం మీద వ్యాజ్యం వేయడం కూడా సువార్తే అని నాకు ఎవరూ చెప్పలేదు.

మర్నాడు నైరోబీలోని మురికివాడ కంగెమికి వెళ్లాం. రేకుల ఇళ్లు, మధ్యలో మురుగు పారే సందులు. పిల్లల్ని ఆశ్రమానికి తీసుకురావడం కంటే వాళ్ల ఇంట్లోనే ఉంచి సాయం చేయడం మేలని న్యుంబానివారు నడిపే కార్యక్రమం పేరు లేయా తోతో, 'బిడ్డను పెంచు' అని. ఆ సందుల్లోనే ఉండే ఆరోగ్య కార్యకర్త ముందు నడిచింది. ఆమె చేతిలో బరువు చూసే త్రాసు ఉంది. బిడ్డ బరువు పెరిగితే మాత్రల సంఖ్య మారుతుంది కాబట్టి త్రాసు లేకుండా ఆమె ఏ గడపా తొక్కదు.

ఒక గదిలో అమ్మమ్మ, మూడేళ్ల మనవరాలు. మేం వస్తామని ముందే అడిగి, సరేనన్నాకే వెళ్లాం. బిడ్డకు కొత్త మందు వచ్చి ఏడాది కావస్తోంది. పసిపిల్లల కోసం తయారైన డోలుటెగ్రావిర్ మాత్ర కెన్యాకు 2021లో చేరింది. దానికి స్ట్రాబెర్రీ రుచి ఉంటుంది. అంతకుముందు ఇచ్చిన సిరప్ పరమ చేదు, పైగా అందులో మద్యసారం. బిడ్డ కక్కేసేదట. కక్కిన ప్రతిసారీ మళ్లీ పట్టాలా వద్దా అని అమ్మమ్మ ఏడ్చేదట. ఆ 2021లోనే పన్నుల వివాదంతో మందుల పెట్టెలు మొంబాసా రేవులో చిక్కుకుపోయాయి. నెలకు సరిపడా ఇచ్చే చోట వారానికి సరిపడా ఇచ్చారని, రోజూ డబ్బా తీసి లెక్కపెట్టుకున్నానని అమ్మమ్మ చెప్పింది. మేం రాత్రింబవళ్లు పనిచేసి పంపిన పెట్టెలు రేవులో పడి ఉంటాయన్న ఊహే నాకు ఎన్నడూ రాలేదు.

అమ్మమ్మ చిన్న కప్పులో నీళ్లు పోసి మాత్రలు వేసింది. రెండు రకాలు. రెండో రకం అబకావిర్, లామివుడిన్ కలిసినది. అదే నా మాత్ర. నా చెయ్యి తనంతట తానే గడియారం మీదికి వెళ్లింది. ఆమె ఇంట్లో గడియారం లేదు. కప్పు చేతిలో తిప్పుతూ "బాబా యేతు ఉలియే మ్బింగూని" అని మొదలుపెట్టింది. పరలోక ప్రార్థన. తొందర లేకుండా రెండుసార్లు పూర్తిచేసి, కప్పులోకి తొంగిచూసి, తల ఊపి, బిడ్డ నోటికి అందించింది. తర్వాత కప్పులో మరో చెంచా నీళ్లు పోసి, అడుగున అంటుకున్న పొడిని కలిపి, అది కూడా తాగించింది. ఆ రెండో చెంచా చాలా ముఖ్యం. మందుతోపాటు వెళ్లే సూచనల కాగితంలో దాని గురించి చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంటుంది. ఆ వాక్యం ఎవరైనా చదువుతారా అని నేను ఎన్నోసార్లు అనుకున్నాను. అమ్మమ్మకు చదువు రాదు. కార్యకర్త ఆమె పక్కన కూర్చుని, ఆమె చేత్తోనే చేయించి నేర్పింది.

బిడ్డ కప్పు అంచు నాకి, నా వైపు చూసి నవ్వింది. అక్క నా భుజం మీద చెయ్యి వేసింది. నేను మాట్లాడలేకపోయాను.

చివరి రెండు రోజులు కిటుయి. నైరోబీకి తూర్పున మూడు నాలుగు గంటల ప్రయాణం. చలి పోయి ఎండ మొదలైంది. రెండేళ్లుగా వానలు సరిగా లేవు, నదుల్లో ఇసుకే పారుతున్నట్టుంది. కౌన్సెలర్ అమ్మాయి మాతో వచ్చింది, అక్కడివారి కాంబా భాష ఆమెకు వచ్చు కాబట్టి. దారిలో తన ఫోనులో రెండేళ్ల కూతురిని చూపించింది. ఆ బిడ్డకు వైరస్ లేదు. తల్లి రోజూ మందు వేసుకుని రక్తంలో వైరస్‌ను పరీక్షకు కనిపించనంత తగ్గించుకుంటే బిడ్డకు సోకే అవకాశం చాలా చాలా తక్కువ. "ఆమెకు ఎప్పుడు చెబుతావు, నీకు ఉందని?" అని అక్క అడిగింది. "అడిగిన రోజున. అబద్ధం ఒక్కటీ చెప్పను" అంది. పదిపన్నెండేళ్లు వచ్చాక పిల్లలు ఈ మాత్ర ఎందుకని అడుగుతారట. అప్పటిదాకా ఏదో చెప్పి దాచిపెడితే, నిజం తెలిసిన రోజున కోపంతో మందు మానేస్తారట. ఆమె రోజంతా చేసే పని ఆ నిజాన్ని వయసుకు తగ్గట్టు కొంచెం కొంచెంగా చెప్పడం.

కిటుయిలో న్యుంబాని గ్రామం 2006లో మొదలైంది. ఫాదర్ డి అగోస్టినో అదే ఏడాది నవంబరులో కన్నుమూశారు. వెయ్యి ఎకరాల పొడి నేల. నడివయసు తరాన్ని ఎయిడ్స్ తుడిచిపెట్టాక మిగిలినవారు ముసలివాళ్లు, పిల్లలు. ఆ ఇద్దరినీ ఒకే కప్పు కిందికి చేర్చారు. ఒక్కో ఇంట్లో ఒక అవ్వ లేదా తాత, వారి సొంత మనవలు కొందరు, ఎవరూ లేని పిల్లలు మరికొందరు. వీరిలో చాలామందికి హెచ్‌ఐవీ లేదు, తల్లిదండ్రులు మాత్రం లేరు. నీటి కోసం వాగులకు అడ్డంగా ఇసుక ఆనకట్టలు, కలప కోసం ముకావు చెట్ల తోటలు. పదేళ్లు దాటాక ఆ చెట్లు అమ్మి గ్రామం తన కాళ్ల మీద తాను నిలబడాలని ఆలోచన. ఆ నెలలోనే కెన్యాలో కొత్త బాలల చట్టం వచ్చింది. ఆశ్రమాలకంటే కుటుంబాల్లో పిల్లలు పెరగాలన్నది అక్కడి ప్రభుత్వ విధానం. అది సరైనదే. ఏ భవనమూ తల్లి కాలేదు. అయితే కుటుంబమే పోయిన చోట దాన్ని మళ్లీ ఇలా కూర్చవచ్చని ఈ గ్రామం చూసేదాకా నాకు తట్టలేదు.

సాయంత్రం ఒక అవ్వ ఇంటి అరుగు మీద కూర్చున్నాం. అక్కడ అవ్వను 'సూసూ' అంటారు. కిత్తనారతో సంచి అల్లుతోంది. లోపల పిల్లలు పాఠాలు చదువుకుంటున్నారు. ఈ పెద్దాయన ఏం పని చేసేవాడని అమ్మాయిని అడిగింది. ఈ జబ్బుకు మందు తయారయ్యే చోట పనిచేశానని చెప్పించాను. అల్లడం ఆపింది.

"ఎప్పుడు?"

"2005 నుంచి."

సూసూ పెదవులు కదిలాయి. వేళ్ల మీద ఏదో లెక్కపెట్టింది. తర్వాత అమ్మాయితో ఒక్క మాట అంది. అమ్మాయి వెంటనే చెప్పలేదు.

"తన కూతురు 2003లో పోయిందట."

నాకు ఏమనాలో తెలియలేదు. 2001లోనే ధర తగ్గింది, 2003లో మందు ఇక్కడికి ఇంకా చేరలేదు. ఆ రెండేళ్లూ ఎక్కడ ఆగిపోయాయో నేను గంటసేపు వివరించగలను. ఆ అరుగు మీద ఆ వివరణకు చోటు లేదు. అక్క కళ్లు మూసుకుని మౌనంగా ఉంది.

సూసూ కాసేపటికి మళ్లీ నార అందుకుంది. వెలుగు తగ్గడంతో పోగు కనిపించక తడుముకుంటోంది. నేను కొంచెం దగ్గరికి జరిగాను. ఆమె నా వైపు చూడకుండానే నారకొస ఒకటి నా చేతిలో పెట్టి, బిగించి పట్టుకోమని సైగ చేసింది. పట్టుకున్నాను. ఆమె అల్లింది.