పావు కిలో గుండు, ఒక లేత్, ముప్ఫై మంది పిల్లలు

హైస్కూలు పిల్లలకు లేత్ (కడ్డీని తిప్పుతూ కోసే మిషన్) పని నేర్పాలనుకునే బడి ముందుగా ఏ మిషన్ కొనాలని అడుగుతుంది. పిల్లలతో ఏం చేయించాలన్నది అంతకంటే ముందు తేల్చుకోవాలి. రాడ్డు బిగించి 25 మి.మీ.కి తియ్యి, 22కి తియ్యి అంటూ పోతే మూడో వారానికి వాళ్ళకు విసుగు, మనకు రజను మిగులుతాయి.

అనంతపురం, కర్నూలు, కడప, ఏ ఊళ్ళో చూసినా లేత్ షాపులకు వచ్చేది ఎక్కువగా మరమ్మతు పనే: బోరు మోటారు షాఫ్టులు, రోటవేటర్ పిన్నులు, వేరుశనగ కాయలు ఒలిచే మిషన్ల భాగాలు. అరిగినదాన్ని బాగుచెయ్యాలంటే అరగక ముందు అదెలా ఉండేదో తెలియాలి. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు అది సరిపడే పని కాదు. గోడ నిలువు చూడటానికి మేస్త్రీలు తాడుకు వేలాడదీస్తారే, ఆ గుండు పెట్టండి. ఫేసింగ్ (ముఖం చదును చేయడం), టర్నింగ్ (చుట్టూ కోయడం), డ్రిల్లింగ్, ట్యాపింగ్ (రంధ్రంలో మర కోయడం), నర్లింగ్ (పట్టుకు గరుకు గళ్ళు), టేపర్ (కోసుగా తీయడం), మరలు కోయడం, ఫోర్ జా చక్ (నాలుగు దవడల పట్టు) సెట్టింగ్ అన్నీ అందులో వస్తాయి. మార్కులు మనం వెయ్యనక్కర్లేదు. తాడుకు కట్టి మెల్లగా తిప్పితే మొన కదలకుండా నిలబడాలి. మొన గుండ్రంగా తిరిగిందంటే రంధ్రం ఒకచోట, మొన ఒకచోట ఉన్నాయన్నమాట.

కొలతలు ఇవి, అన్నీ మి.మీ.లో. 32 మి.మీ. మైల్డ్ స్టీల్ బ్రైట్ బార్ 76 పొడవు ముక్క. బయట 30 డయా (వ్యాసం), 30 పొడవు స్తంభం. దాని కింద 40 పొడవులో 30 నుంచి 6కి దిగే టేపర్, చివర 3 పొడవు మొన. పై ముఖంలో ఎం12 మర (12 మి.మీ. మెట్రిక్ మర), 20 లోతు. మూతకు 20 డయా, 8 మందం తల, కింద 15 పొడవు ఎం12 మర, తాడు దూరడానికి నడిమధ్య 2 మి.మీ. రంధ్రం. మొత్తం సుమారు పావు కిలో తూగుతుంది.

బార్ కొనే ఇవ్వండి. ఇంటి దగ్గర కట్టుబడిలో మిగిలిన టీఎంటీ కడ్డీ ముక్క పట్టుకొచ్చేవాళ్ళు క్లాసుకు ఇద్దరైనా ఉంటారు. ఆ కడ్డీ పైపొర గట్టిపరిచి ఉంటుంది. పైన గాట్లు కాబట్టి టూల్ ఎగిరెగిరి తగులుతుంది. లారీ కమాను పట్టీ ఇంకా ఘోరం, హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) టూల్ వేడికి నీలం తిరిగిపోతుంది. పాత ఇనుము ఏది వచ్చినా ముందు ఆకురాయితో ఒక మూల రుద్ది చూడాలి. ఆకురాయి కరవకుండా జారిపోతే ఆ ముక్క చక్‌లోకి ఎక్కకూడదు.

మొదటి అయిదారు వారాలు లేత్ స్విచ్ ముట్టుకోనవసరం లేదు. హ్యాక్సా, ఆకురాయి, మార్కింగ్, వెర్నియర్. మార్కింగ్‌కు బ్లూ రంగు దొరక్కపోతే ఎరువుల కొట్లో దొరికే మైలుతుత్తం చాలు. గ్లాసు నీళ్ళలో రెండు చెంచాలు కరిగించి, నూనె జిడ్డు లేకుండా తుడిచిన ఉక్కు మీద గుడ్డతో రాస్తే రాగి పొర పడుతుంది, దాని మీద గీత వెంట్రుకలా కనిపిస్తుంది. జిడ్డు ఉన్నచోట పొర పట్టదు. గీతలు గీశాక కడిగి తుడవకపోతే మర్నాటికి తుప్పు. అది విషం కూడా, ఆ చేతులతో మధ్యాహ్న భోజనానికి పోనివ్వొద్దు. సర్ఫేస్ ప్లేట్ (కొలతలకు వాడే సమతలపు పలక) బదులు 12 మి.మీ. మందం అద్దం పనికొస్తుంది. తాడిపత్రి వైపు పాలిష్ బండ చవకే కానీ, మెరిసినంత మాత్రాన అది సమతలం కాదు.

కరెంటు సంగతి. చాలా బడుల్లో సింగిల్ ఫేజే ఉంటుంది, 1 హెచ్‌పీ మోటారు చిన్న లేత్‌కు అది సరిపోతుంది. మామూలు స్విచ్ మాత్రం పెట్టొద్దు, కరెంటు పోతే దానంతట అదే పడిపోయే నో వోల్ట్ కాయిల్ ఉన్న స్టార్టర్ కావాలి. కోత మధ్యలో కరెంటు పోతుంది, పిల్లాడు చక్ తాళంచెవి పెట్టి జాబ్ (బిగించిన ముక్క) వదులు చేస్తుంటాడు, ఇంతలో కరెంటు వస్తుంది. మామూలు స్విచ్ అయితే ఆ తాళంచెవి ఎటు ఎగురుతుందో చెప్పలేం. ఎర్తింగ్ గుంతలో వేసవంతా నీళ్ళు పోస్తూనే ఉండాలి, మన నేల ఎండితే ఎర్త్ పని చేయదు.

దుస్తుల విషయంలో మొహమాటం వద్దు. జడ టోపీలోకి, చున్నీ గోడ మేకుకు, ఐడీ కార్డు తాడు జేబులోకి. గాజులు, మణికట్టు దారాలు తియ్యాల్సిందే, గుళ్ళో కట్టిన దారమైనా సరే. తిరిగే మిషన్ దగ్గర చేతులకు గ్లోవ్స్ వేయకూడదు, ఈ మాట తల్లిదండ్రులకు విడిగా చెప్పాలి, ఎందుకంటే గ్లోవ్స్ కొనిచ్చేది వాళ్ళే. చెప్పులు కాదు, బూట్లు. పొట్టి పిల్లలకు కింద చెక్క పీట వెయ్యండి, చక్ మధ్య గీత మోచేతి ఎత్తుకు రావాలి. లేత్ దగ్గర ఎప్పుడూ ఇద్దరే, ఒకరు పని, ఒకరు స్విచ్. మిగతావాళ్ళు వైస్‌ల దగ్గర, కొలతల బల్ల దగ్గర. 45 నిమిషాల పీరియడ్‌లో ఇది సాగదు, రెండు గంటలు కలిపి తీసుకోండి.

టూల్ బిట్ హెచ్‌ఎస్‌ఎస్ మంచిది. కార్బైడ్ టిప్ పిల్లల చేతిలో నిలవదు, తగిలించగానే అంచు రాలుతుంది. పైగా హెచ్‌ఎస్‌ఎస్‌కు పదును పెట్టుకోవడమే సగం చదువు. టూల్ ఆనించే గ్రైండర్ రెస్ట్‌కూ రాయికీ మధ్య సందు 3 మి.మీ. దాటకూడదు. టూల్ అంచును సరిగ్గా సెంటర్ ఎత్తుకు పెట్టారో లేదో ఫేసింగ్ చేస్తే తెలిసిపోతుంది. టూల్ కిందికి ఉంటే నడుమ చిన్న బొడిపె మిగులుతుంది. పైకి ఉంటే మధ్యకు వచ్చేసరికి కొయ్యక రుద్దుతుంది.

వేగం లెక్క పిల్లలకు వచ్చిన లెక్కే, వృత్తం చుట్టుకొలత. మైల్డ్ స్టీల్‌కు నిమిషానికి 25 మీటర్లు అనుకుంటే 30 మి.మీ. డయాకు 25000ను 94.2తో భాగించాలి, 265 చుట్లు వస్తాయి. మిషన్‌లో అంతే లేకపోతే దానికి దగ్గరగా కిందిది. టేపర్ కూడా పదో తరగతి త్రికోణమితే. 30లోంచి 6 పోతే 24, దాన్ని 40కి రెట్టింపైన 80తో భాగిస్తే 0.3, ఆ టాన్ విలువకు కోణం 16.7 డిగ్రీలు. ఇక్కడ దాదాపు అందరూ చేసే తప్పు టేపర్ మొత్తం కోణం, 33.4కి కాంపౌండ్ స్లైడ్ (టూల్‌ను కావలసిన కోణంలో జరిపే భాగం) తిప్పేయడం. తిప్పాల్సింది సగమే.

టూల్‌ను జాబ్ వైపు లోపలికి జరిపే క్రాస్ స్లైడ్ డయల్ దగ్గర ఇంకో చిక్కుంది. కొన్ని లేత్‌లలో డయల్ మీద 1 మి.మీ. జరిపితే డయా 2 తగ్గుతుంది, కొన్నిట్లో 1 మాత్రమే తగ్గుతుంది. పలక మీద రాసి ఉన్నా నమ్మొద్దు. ఒక కోత తీసి కొలిచి పిల్లల చేతే తేల్చండి. లోతు దాటిపోతే డయల్‌ను కొంచెం వెనక్కి తిప్పితే చాలనుకుంటారు. పాత మిషన్లలో స్క్రూ వదులు పావు చుట్టు దాకా ఉంటుంది, టూల్ ఉన్నచోటే ఉంటుంది. ఒక పూర్తి చుట్టు వెనక్కి పోయి మళ్ళీ ముందుకు రావాలి. కొలత చల్లారాకే చూడాలి. 30 మి.మీ. ఉక్కు 40 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 0.014 పెరుగుతుంది, మైక్రోమీటర్ మీద ఒక గీతకు పైనే.

గుండు పని వరుస ఇదీ. ముఖం ఫేస్ చేసి, సెంటర్ డ్రిల్, 10.2 డ్రిల్ 23 లోతు, తర్వాత లేత్ రెండో కొసనున్న టెయిల్‌స్టాక్ ఆసరాతో ఎం12 ట్యాప్‌లు మూడూ వరుసగా. ట్యాపింగ్‌కు మోటారు ఆపి చక్‌ను చేత్తో తిప్పాలి, ఒక చుట్టు ముందుకు, అర చుట్టు వెనక్కి. అటువైపు తెరుచుకోని మొండిరంధ్రం కదా, రజను అడుగున పేరుకుని ట్యాప్ పట్టేస్తుంది. తర్వాత బయట 30కి తీసి, పైనున్న 20 పొడవుకే నర్లింగ్ చేయించండి. కింది 10 నున్నగా ఉంచాలి. ఎందుకో జాబ్ తిప్పి బిగించేటప్పుడు తెలుస్తుంది.

జాబ్ తిప్పి మళ్ళీ త్రీ జా (మూడు దవడల) చక్‌లోనే బిగిస్తే అరిగిన చక్ 0.1 దాకా పక్కకు పట్టుకుంటుంది, రంధ్రానికీ మొనకూ పొంతన ఉండదు. అందుకే ఒక్కో దవడ విడిగా జరిగే ఫోర్ జా. నర్లింగ్ నలగకుండా రాగి రేకు ముక్కలు అడ్డం పెట్టి ఆ 20 మి.మీ. పట్టుకోవాలి. డయల్ గేజ్ (గీతకు 0.01 మి.మీ. చూపే కొలత పరికరం) ముల్లు నున్నటి 10 మీద ఆనించి చక్‌ను చేత్తో తిప్పాలి. నర్లింగ్ మీద ముల్లు గెంతుతుంది, రీడింగ్ రాదు. ఒకటో జా దగ్గర 60 గీతలు, ఎదురుగా మూడో జా దగ్గర 20 చూపిందనుకుందాం. తేడా 0.40, జాబ్ జరగాల్సింది అందులో సగం, 0.20. తక్కువ చూపిన జా కొద్దిగా వదులు చేసి, ఎక్కువ చూపిన జా బిగించాలి. పిల్లలు తొందరలో పక్కనున్న జా ముట్టుకుంటారు, అప్పుడు రెండు వరుసలూ చెడతాయి. ఒకటి-మూడు పూర్తయ్యాకే రెండు-నాలుగు. ముల్లు కదలిక 0.02 లోపు వచ్చేదాకా వదలొద్దు. మొదటిసారి గంట పడుతుంది, అయిదోసారికి పది నిమిషాలు. మన జిల్లాల షాపుల్లో మంచి టర్నర్‌ను కొత్తవాడి నుంచి విడదీసేది ఈ పనే అని మా అభిప్రాయం.

టేపర్ తీసేటప్పుడు క్యారేజ్ (టూల్‌ను మోసే బండి) లాక్ చెయ్యడం మరిస్తే టేపర్ మెట్లు మెట్లుగా వస్తుంది. చివరి మొనకు స్లైడ్ 45 డిగ్రీలకు తిప్పాలి.

మూతకు బయటి మర లేత్ మీద కోయించండి. తల అంచు దగ్గర టూల్ ఆగడానికి 3 వెడల్పు గాడి ముందే తీయాలి, డయా 9.5. మర లోతుకు, ఎం12 పిచ్ (పక్కపక్క మర చుట్ల మధ్య దూరం) 1.75ను 0.613తో గుణిస్తే 1.07. కాంపౌండ్ స్లైడ్‌ను 30 డిగ్రీలకు తిప్పి దాంతోనే లోతు ఇస్తే ఒక పక్కే కోస్తుంది, చిరుగులు రావు; అప్పుడు స్లైడ్ మీద జరగాల్సింది 1.24. పాత లేత్‌లో లీడ్ స్క్రూ (మర కోసేటప్పుడు క్యారేజ్‌ను నడిపే పొడవాటి మర) అంగుళాలదైతే మెట్రిక్ మరకు 127 పళ్ళ గేర్ కావాలి. అలాంటి మిషన్ మీద కోత కోతకూ హాఫ్ నట్ (క్యారేజ్‌ను లీడ్ స్క్రూకు కలిపే పట్టు) తెరవకూడదు, తెరిస్తే టూల్ మళ్ళీ అదే గాడిలో పడదు. టూల్ వెనక్కి తీసి, మిషన్ రివర్స్ తిప్పుకుని రావాలి. సింగిల్ ఫేజ్ మోటారు పూర్తిగా ఆగితేనే రివర్స్ తీసుకుంటుంది. చక్‌ను స్పిండిల్‌కు (తిరిగే ఇరుసుకు) మరతో బిగించిన పాత రకమైతే దడాల్న రివర్స్ కొడితే చక్ ఊడి కిందపడుతుంది. ఆ రకం మిషన్ ఉన్న బడిలో మోటారు వద్దు, చక్‌ను చేత్తోనే తిప్పించండి, 15 మి.మీ. అంటే తొమ్మిది చుట్లే. గేర్ దొరక్కపోతే డై (చేత్తో తిప్పి బయటి మర కోసే బిళ్ళ) వాడండి, తప్పేం లేదు.

మూత మధ్య 2 మి.మీ. డ్రిల్ 23 లోతు పోనిస్తే విరుగుతుంది. మర వైపు నుంచి 5 డ్రిల్ 17 దాకా దించి, మిగిలిన 6 మాత్రమే 2తో. తాడు ముడి ఆ 5 రంధ్రంలో దాక్కుంటుంది.

పెనుకొండ దగ్గర కియా కార్లు 2019లో తయారవడం మొదలయ్యాక సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే మిషన్ల పని) నేర్పమని అడిగేవాళ్ళున్నారు. కంప్యూటర్ మీద సిమ్యులేటర్‌లో జీ00, జీ01, జీ02 లాంటి మిషన్ ఆదేశాలు నేర్పొచ్చు. ఈ గుండు చేతితో చేసిన పిల్లలకు వారం చాలు.

క్లాసు అయ్యాక రజను చీపురుతో, కొక్కెంతో తీయాలి, చేత్తో కాదు. క్యారేజ్ జారే బెడ్ తుడిచి, 68 గ్రేడ్ నూనె పల్చగా రాసి పట్టా కప్పాలి. ఆషాఢం గాలికి ఇసుక కిటికీ సందుల్లోంచి కూడా వస్తుంది. కాబట్టి ఉదయం పట్టా తీయగానే ఆ నూనె మొత్తం తుడిచేసి కొత్తది రాసాకే క్యారేజ్ కదిపించండి.