ఇండియా వెళ్లొచ్చే ఎఫ్-1 విద్యార్థులు టికెట్ కొనే ముందు చూసుకోవాల్సినవి

అమెరికాలో ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద చదువుకుంటూ సెలవులకు ఇంటికి బయల్దేరేవాళ్లలో చాలామంది ముందు టికెట్ కొనేసి, తర్వాత కాగితాల సంగతి చూసుకుంటారు. దయచేసి అలా చేయకండి. ముందు పాస్‌పోర్ట్ తెరిచి, వీసా మీద గడువు తేదీ చూడండి. మీరు అమెరికాలో మళ్లీ దిగే రోజుకి ఆ వీసా చెల్లుతుందా లేదా అన్నదాన్ని బట్టే మిగతా పనంతా ఉంటుంది.

వీసా గడువు తీరిపోయినా అమెరికాలో ఉండి చదువుకోవడానికి అడ్డేమీ లేదు. కాలేజీ ఇచ్చే విద్యార్థి అర్హత పత్రం ఐ-20 సరిగ్గా ఉండి, ఎఫ్-1 నిబంధనలు పాటిస్తుంటే చాలు. బయటికి వెళ్లి మళ్లీ లోపలికి రావాలంటేనే వీసా కావాలి. మనవాళ్లకు ఎఫ్-1 వీసా మామూలుగా ఐదేళ్లకు ఇస్తారు. రెండేళ్ల ఎంఎస్, ఏడాది ఓపీటీ (చదువయ్యాక ఉద్యోగం చేసుకునే అనుమతి), సైన్స్, టెక్నాలజీ కోర్సులవాళ్లకు దొరికే రెండేళ్ల స్టెమ్ ఎక్స్‌టెన్షన్ కలిపితే అది కూడా ఐదేళ్లే. అందుకే స్టెమ్ ఓపీటీ చివరి రోజుల్లో అక్క పెళ్లికో, నాన్న ఆపరేషన్‌కో వెళ్లాల్సి వస్తే సరిగ్గా ఆ సమయానికే వీసా అయిపోతూ ఉంటుంది. యూనివర్సిటీ మారి, వీసా మీద పాత కాలేజీ పేరు ఉంటే కంగారు పడక్కర్లేదు. గడువు ఉన్నంతవరకు కొత్త కాలేజీ ఐ-20తో ఆ వీసా మీదే రావచ్చు. అలాగే వీసా పాత పాస్‌పోర్ట్‌లో ఉండిపోతే పాతదీ కొత్తదీ రెండూ వెంట తెచ్చుకోవాలి.

రెండోది ఐ-20 మీద ట్రావెల్ సంతకం. యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల పనులు చూసే అధికారి (డీఎస్ఓ) చేసే ఈ సంతకం రెండో పేజీలో ఉంటుంది. చదువుతున్నవాళ్లకు అది 12 నెలలు, ఓపీటీలో ఉన్నవాళ్లకు 6 నెలలు పనికొస్తుంది. ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే. వెళ్లే రోజును చూసి సరిపోతుందనుకుంటారు, కానీ లెక్కలోకి వచ్చేది తిరిగి దిగే రోజు. కిందటేడు డిసెంబరు 20న సంతకం అయిందనుకోండి. ఈ ఏడు డిసెంబరు 15న బయల్దేరేటప్పుడు అది బాగానే కనిపిస్తుంది, జనవరి 8న తిరిగొచ్చేసరికి చెల్లదు. ఓపీటీలో ఉండి జులై మొదట్లో సంతకం తీసుకున్నవాళ్లకూ జనవరిలో ఇదే జరుగుతుంది. క్రిస్మస్‌కి యూనివర్సిటీ ఆఫీసులు మూసేస్తారు కాబట్టి నవంబరులోనే అడిగి పెట్టుకోండి. కొత్త ఐ-20 చేతికొస్తే మొదటి పేజీ కింద మీ సంతకం కూడా పెట్టాలి, ఇది చాలామంది మర్చిపోతారు. పాత ఐ-20లు పారేయకండి.

వీసా అయిపోయినవాళ్లకు అసలు పని స్టాంపింగ్, అంటే పాస్‌పోర్ట్‌లో కొత్త వీసా వేయించుకోవడం. 2025 సెప్టెంబరు 2 నుంచి విద్యార్థులకు డ్రాప్‌బాక్స్ (ఇంటర్వ్యూ లేకుండా కాగితాలు ఇచ్చి వీసా తీసుకునే పద్ధతి) దాదాపుగా పోయింది, కొత్త వీసా అయినా రెన్యువల్ అయినా ఇంటర్వ్యూకి వెళ్లాల్సిందే. కాబట్టి స్లాట్ దొరికాకే టికెట్ కొనండి. అప్లికేషన్ ఫీజు 185 డాలర్లు. సెవిస్ (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ రికార్డు) ఫీజు 350 డాలర్లు మళ్లీ కట్టాలా అని అందరూ అడుగుతుంటారు. సెవిస్ నంబరు మారకుండా చదువు కొనసాగుతుంటే అక్కర్లేదు, పాత రసీదు చూపిస్తే సరిపోతుంది. స్లాట్ బుక్ చేసేటప్పుడు ఇచ్చిన డీఎస్-160 (ఆన్‌లైన్ వీసా అప్లికేషన్ ఫారం) నంబరూ, మీరు పట్టుకెళ్లే కన్ఫర్మేషన్ పేజీ మీది నంబరూ ఒకటే అయి ఉండాలి. మధ్యలో తప్పు దిద్దడానికి కొత్త ఫారం నింపితే నంబరు మారిపోతుంది, అప్పుడు అపాయింట్‌మెంట్‌లో కూడా మార్చుకోవాలి. ఆ ఫారంలో గత ఐదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాలన్నీ రాయాలి. 2025 జూన్ నుంచి ఎఫ్ వీసా అడిగేవాళ్లు ఆ ఖాతాలను పబ్లిక్‌లో పెట్టమంటున్నారు.

వేలిముద్రలు, ఫొటో ముందుగా వీఏసీలో (వీసా అప్లికేషన్ సెంటర్‌లో) అవుతాయి. ఇంటర్వ్యూ కాన్సులేట్‌లో, హైదరాబాద్‌లో అయితే నానక్‌రామ్‌గూడలో. ట్రాన్స్‌క్రిప్ట్, ఈ సెమిస్టర్ ఎన్‌రోల్‌మెంట్ లెటర్, ఫీజు ఎలా కడుతున్నారో చూపే కాగితాలు దగ్గరుంచుకోండి. వీసా అప్రూవ్ అయినా పాస్‌పోర్ట్ అదే రోజు చేతికి రాదు. 221(జీ) స్లిప్ ఇచ్చి అడ్మినిస్ట్రేటివ్ ప్రాసెసింగ్‌లో, అంటే అదనపు పరిశీలనలో పెడితే ఎన్నాళ్లు పడుతుందో ఎవరూ చెప్పలేరు. సున్నితమైన టెక్నాలజీ మీద పరిశోధన చేసేవాళ్లకు ఇది ఎక్కువగా ఎదురవుతుంది. రెండు వారాల సెలవులో స్టాంపింగ్ ముగించుకుని వచ్చేద్దామనుకోవడం నా దృష్టిలో పెద్ద సాహసం. సెమిస్టర్ మొదలయ్యాక కూడా అక్కడే చిక్కుకుంటే ఏం చేయాలో డీఎస్ఓతో ముందే మాట్లాడుకోండి.

ఓపీటీ వాళ్లు ఈఏడీ కార్డు (ఉద్యోగం చేసేందుకు ఇచ్చే అనుమతి కార్డు), ఉద్యోగం ఉన్నట్టు కంపెనీ ఇచ్చిన లెటర్, ఇటీవలి పే స్లిప్పులు తీసుకెళ్లాలి. కార్డు వచ్చి ఉద్యోగం లేకుండా ప్రయాణం పెట్టుకోకండి, వెనక్కి రావడం కష్టమవుతుంది. పైగా ఇండియాలో ఉన్న రోజులు కూడా ఓపీటీలో ఉద్యోగం లేకుండా ఉండనిచ్చే 90 రోజుల లెక్కలో కలుస్తాయి. చదువు అయ్యాక వచ్చే 60 రోజుల గ్రేస్ పీరియడ్‌లో, ఓపీటీకి అప్లై చేయకుండా దేశం దాటితే అదే ఎఫ్-1 మీద తిరిగి రావడం కుదరదు. ఎఫ్-1 నుంచి ఉద్యోగ వీసా హెచ్-1బీకి మారే అప్లికేషన్ (చేంజ్ ఆఫ్ స్టేటస్) పెండింగ్‌లో ఉన్నప్పుడు బయటికి వెళ్తే ఆ చేంజ్ ఆఫ్ స్టేటస్‌ను వదిలేసుకున్నట్టే. అలాంటివాళ్లు కంపెనీ లాయర్‌ని అడగకుండా టికెట్ జోలికే పోకూడదు.

ఇక మన పేర్ల సంగతి. పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి, ఇంటిపేరుతో సహా మొత్తం పేరు గివెన్ నేమ్‌లోనే ఉన్నవాళ్లు మనలో ఎక్కువ. వీసాలో ఆ పేరంతా సర్‌నేమ్‌లోకి వెళ్లి, గివెన్ నేమ్ దగ్గర ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడుతుంది. అది తప్పేం కాదు. కానీ ఐ-20లో ఒకలా, టికెట్‌లో ఇంకోలా ఉంటే ఎయిర్‌లైన్ కౌంటర్ దగ్గరే ఆపేయవచ్చు. పాస్‌పోర్ట్‌ను, వీసాను, ఐ-20ను, టికెట్‌ను టేబుల్ మీద పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూడండి.

ఈ కాగితాలన్నీ చేతి బ్యాగులోనే ఉండాలి. చెక్-ఇన్ సూట్‌కేసులో వేస్తే ఇమిగ్రేషన్ దాటాక గానీ అవి మీకు దొరకవు. అబుదాబి మీదుగా వచ్చేవాళ్లకైతే అమెరికా ఇమిగ్రేషన్ అబుదాబి ఎయిర్‌పోర్టులోనే అయిపోతుంది, కాబట్టి అక్కడ కనెక్షన్‌కి టైం ఎక్కువ పెట్టుకోండి. ఐ-20 మీద సంతకం పాతబడితే ఆఫీసర్ ఐ-515ఏ అనే నోటీసు ఇచ్చి 30 రోజులకే లోపలికి పంపవచ్చు. అలా జరిగితే మర్నాడే డీఎస్ఓ దగ్గరికి వెళ్లి, కావాల్సిన కాగితాలు గడువులోపు పంపించాలి.

దిగిన రెండు మూడు రోజుల్లో సీబీపీ (అమెరికా సరిహద్దు తనిఖీ శాఖ) వెబ్‌సైట్‌లో మీరు దేశంలోకి వచ్చిన రికార్డు ఐ-94 తీసి చూడండి. క్లాస్ దగ్గర ఎఫ్-1, గడువు దగ్గర డీ/ఎస్ (స్టేటస్ ఉన్నంతకాలం అని అర్థం) అని ఉండాలి. ఐ-515ఏ ఇవ్వకుండానే అక్కడ తేదీ పడినా, ఎఫ్-1 బదులు బీ-2 (టూరిస్టు) అని ఉన్నా అలా వదిలేయకండి. రికార్డే దొరకకపోతే ఫస్ట్ నేమ్ దగ్గర ఎఫ్ఎన్‌యూ అని కొట్టి చూడండి, లేదా రెండు పేర్లనూ అటూ ఇటూ మార్చి వెతకండి. అప్పటికీ రాకపోయినా, వివరాలు తప్పుగా ఉన్నా డీఎస్ఓకి చెప్పి, పాస్‌పోర్టూ ఐ-20 పట్టుకుని దగ్గర్లోని సీబీపీ డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్ ఆఫీసుకి వెళ్తే సరిచేస్తారు.