గండికోటలో చుక్కల గీతలు: 218 ఫ్రేములు, ఒక ఫొటో

స్టార్ ట్రెయిల్స్‌కి, అంటే భూమి తిరుగుతుంటే ధ్రువనక్షత్రం చుట్టూ చుక్కలు గీసే వలయాల ఫొటోలకి, గండికోట మంచి చోటే, కానీ ఇక్కడి అక్షాంశం దాదాపు 15 డిగ్రీలు. అంటే ధ్రువనక్షత్రం కూడా దిగంతం నుంచి అంతే ఎత్తులో ఉంటుంది. చెయ్యి చాచి చూస్తే పిడికిలిన్నర. యూరప్ ఫొటోల్లోలా వలయాల కేంద్రం అంత ఎత్తున రాదు, అందుకే ఉత్తరాన చెట్టో గోడో అడ్డం లేని చోటే వెతుక్కున్నాను. తూర్పున జమ్మలమడుగు వెలుతురు ఉంటుంది, దాన్ని ఫ్రేములోకి రానివ్వలేదు. లోయ అంచు చీకట్లో కనబడదు కాబట్టి ట్రైపాడ్ పొద్దుండగానే పెట్టేశాను. పొద్దు గూకిన ఇరవై నిమిషాలకు ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 100లో రాళ్ల ఫొటో ఒకటి తీసి పక్కన పెట్టుకున్నాను. ఆ తర్వాత ట్రైపాడ్ కదపలేదు.

జనవరి అమావాస్య. 14 ఎంఎం లెన్స్, ఎఫ్ 2.8, 30 సెకన్లు, ఐఎస్ఓ 800. చాలామంది 1600 అంటారు గానీ, అంత పెంచితే చుక్కల రంగులు పోయి అన్నీ తెల్లగీతలవుతాయి. వైట్ బ్యాలెన్స్ 4000 కెల్విన్ దగ్గర ఆపాను. లెన్స్ మీది అనంతం గుర్తును నమ్మకూడదు. లైవ్ వ్యూలో ఒక పెద్ద చుక్కను పది రెట్లు చేసి, అది సూది మొనంత అయ్యేదాకా రింగు తిప్పి, టేపు వేశాను. చేతి కుదుపును సరిచేసే స్టెబిలైజేషన్ కూడా ఆపేశాను.

అసలు తిరకాసు ఇంటర్వల్ దగ్గర, అంటే ఒక ఫ్రేము మొదలైన ఎన్ని సెకన్లకు తర్వాతిది మొదలవ్వాలన్న లెక్క దగ్గర. 30 అని చూపించే షట్టర్ చాలా కెమెరాల్లో నిజానికి 32 సెకన్లు తెరిచి ఉంటుంది. ఇంటర్వల్ 31 పెడితే తర్వాతి ఫ్రేము తప్పిపోతుంది. 33 పెట్టాలి. అలా రెండు గంటలకు 218 ఫ్రేములు, 30 డిగ్రీల చాపం. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆపడం మరిచిపోతే, ప్రతి ఫ్రేము తర్వాత కెమెరా అంతే సేపు నల్లఫ్రేము తీస్తూ కూర్చుంటుంది. ఆ ఖాళీలో చుక్క నాలుగైదు పిక్సెళ్లు జరిగిపోతుంది, గీత కాస్తా కుట్టుపోగుల్లా తెగితెగి వస్తుంది. ఒక్క సెకను ఖాళీ అయితే పిక్సెల్‌లో ఆరో వంతే, కంటికి ఆనదు.

అర్ధరాత్రి దాటాక మంచు. అద్దం మీద పొర చేరితే చుక్కలు మొదట ఉబ్బుతాయి, తర్వాత మసకేస్తాయి. తుడిస్తే ఫోకస్ కదులుతుంది. మొదటి ఫ్రేముకు ముందే పవర్ బ్యాంకుతో నడిచే హీటర్ పట్టీ చుట్టేయడమే దారి. చివర్లో మూత పెట్టి పది డార్క్ ఫ్రేములు తీశాను. వేడి పిక్సెళ్లు, అంటే చీకట్లోనూ వెలిగే సెన్సర్ చుక్కలు, వాటితోనే పోతాయి.

ఫ్రేములన్నీ స్టార్‌స్టాక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో లైటెన్ మోడ్‌లో కలిపాను. ప్రతి పిక్సెల్‌కీ అన్ని ఫ్రేముల్లో ఎక్కువ వెలుగున్నదాన్నే అది ఉంచుతుంది. విమానం గీత పడిన ఫ్రేములో ఆ గీత మీద సన్నని నల్ల బ్రష్ లాగితే చాలు, లైటెన్‌లో నలుపు ఎప్పుడూ ఓడిపోతుంది. చుక్క గీతను అడ్డంగా దాటిన చోట మాత్రం బ్రష్ ఎత్తి దాటించాలి, లేదంటే అక్కడ చిన్న గాటు పడుతుంది.