వెంట్రుకవాసి అరుగుదల

ఆదివారం. రాత్రి నుంచి ముసురు.

ఐదింటికి లేచి భీమిలి దాకా ఓసారి వెళ్ళొద్దామనుకున్నవాణ్ని, కిటికీలోంచి రోడ్డు చూసి మళ్ళీ ముసుగు తన్నాను. ఏడింటికి కాఫీ తాగాక ఇంక ఏ సాకూ దొరకలేదు. వచ్చే శనివారం ముగ్గురం అరకు వెళ్దామనుకున్నాం. సైకిల్ చైన్ సంగతి తేల్చాలని నెల్లాళ్ళుగా వాయిదా వేస్తున్నాను. బాల్కనీలో పాత పేపర్లు పరిచి, సైకిల్‌ని గ్రిల్‌కి ఆనించి కూర్చున్నాను.

తొమ్మిదేళ్ళ సైకిల్ ఇది. స్టీలు ఫ్రేము, ముందు మూడు పళ్ళచక్రాలు, వెనక తొమ్మిది. వెనక సంచులు తగిలించుకుని అరకు నాలుగుసార్లు, లంబసింగి రెండుసార్లు, మారేడుమిల్లి ఒకసారి వెళ్ళొచ్చింది. హైవే పట్టుకుని పూరీ దాకా కూడా ఒకసారి పోయింది. మిగతా రోజుల్లో బీచ్ రోడ్డే. మార్చిన ప్రతి సామానుకీ తేదీ, కిలోమీటర్లు డైరీ చివరి పేజీలో రాసుకోవడం నాకలవాటు. ఆ లెక్క ప్రకారం వెనకున్న కాసెట్, అంటే ఆ తొమ్మిది పళ్ళచక్రాల గుత్తి, 9,800 కిలోమీటర్లు తిరిగింది. దాని మీద మొదటి చైన్ 4,600 దగ్గర తీసేశాను. ఇప్పుడున్నది రెండోది, 5,200 అయింది.

నిన్న సాయంత్రం షాపుకి ఫోన్ చేసి అడిగాను. సైకిల్ చూడకుండానే తీర్పు చెప్పేశాడు. "సెట్టు మొత్తం మార్చెయ్యండి సార్. చైన్, కాసెట్, ముందు చక్రాలు, అన్నీ." మోటార్ సైకిల్‌కి చైన్ స్ప్రాకెట్ కిట్ మార్చినట్టన్నమాట. అతని ధోరణి అతనిది. ముందు మూడు చక్రాలూ మార్చాలంటే అయ్యే ఖర్చుకి అరకులో రెండు రోజులు రూమ్ తీసుకుని దర్జాగా పడుకోవచ్చు. అరిగిందో లేదో చూడకుండా డబ్బులు పెట్టడం నాకు నచ్చదు. అరిగిందని తెలిశాక కూడా ఎంతో కొంత బేరమాడే రకాన్నే, అది వేరే విషయం.

ముందు తుడవాలి, లేకపోతే కొలతకి అర్థం లేదు. కిరోసిన్ దొరికే రోజులు పోయాయి కాబట్టి బంకు నుంచి సీసాలో తెచ్చిన డీజిల్, పాత టూత్‌బ్రష్. బ్రష్ వెయ్యగానే కాటుక లాంటి నల్లటి ముద్ద ఊడి వచ్చింది. వేళ్ళ మధ్య నలిపితే గరగరమంది. ఇసుక. బీచ్ రోడ్డు మీద గాలి లేచినప్పుడల్లా ఇసుక వచ్చి చైన్ మీద పడుతుంది. నూనె దాన్ని పట్టి ఉంచుతుంది. నేను తొక్కే ప్రతి కిలోమీటరూ ఆ ముద్దతో పిన్నులకి సానపట్టడమే. నూనె ఎక్కువ పోస్తే చైన్ ఎక్కువ కాలం వస్తుందని చాలా ఏళ్ళు నమ్మాను. మొదటి చైన్‌ని చంపింది ఆ నమ్మకమే అయివుంటుంది.

అమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఏటిరా ఇది, కాటుక డబ్బా బోర్లించినట్టు?"

"చైన్ అరిగిందేమో చూస్తున్నానమ్మా."

"అరిగితే కొత్తది ఎయ్యి. దానికింత పంచాంగమేటి?"

పంచాంగమే మరి. చైన్ సాగింది అంటాం గానీ రేకులేమీ సాగవు. ఒక్కో లింకు దగ్గర పిన్ను, ఆ పిన్ను చుట్టూ ఉండే లోపలి రేకు అంచు, రెండూ కాస్త కాస్త అరుగుతాయి. అరిగినంత మేరా కీలు వదులవుతుంది. ఆ వదులంతా కలిసి చైన్ పొడుగైనట్టు కనిపిస్తుంది. కొత్త చైన్‌లో పిన్నుకీ పిన్నుకీ మధ్య దూరం అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. దాన్ని బట్టే కొలత: ఒక పిన్ను అంచు దగ్గర సున్నా పెట్టి, అక్కణ్ణుంచి 24వ పిన్ను అదే వైపు అంచు ఎక్కడుందో చూడాలి. కొత్తదైతే సరిగ్గా 12 అంగుళాల గీత మీద ఉంటుంది. గీత దాటి అంగుళంలో పదహారో వంతు పోతే, అంటే సుమారు 1.6 మిల్లీమీటర్లు పోతే, అర శాతం అరుగుదల. ఎనిమిదో వంతు దాటితే ఒక శాతం. అర శాతం దగ్గరే చైన్ మార్చేస్తే కాసెట్ బతుకుతుంది. ఒక శాతం దాకా లాగితే చైన్ తనతో పాటు కాసెట్‌నీ తీసుకుపోతుంది. పదకొండు, పన్నెండు చక్రాల వాళ్ళు అర శాతానికే మార్చేస్తారు. మా తొమ్మిది చక్రాల వాళ్ళకి ముప్పావు శాతం దాకా కాస్త వెసులుబాటు ఉందంటారు.

స్కేలు దగ్గర చిన్న ప్రహసనం. ఇంట్లో టైలర్ టేపు ఉంది, కానీ గుడ్డ టేపు చైన్ కన్నా ఎక్కువ సాగుతుంది. అమ్మాయి జామెట్రీ బాక్సులో స్కేలు పదిహేను సెంటీమీటర్లదే. చివరికి దాని డ్రాయింగ్ సామాన్లలో ముప్పై సెంటీమీటర్ల స్టీలు స్కేలు దొరికింది. పన్నెండు అంగుళాలంటే ముప్పై సెంటీమీటర్లు దాటి ఇంకో ఐదు మిల్లీమీటర్లు కావాలి. అదృష్టం బాగుండి రెండో అంచు మీద అంగుళాలు ఉన్నాయి, పన్నెండు తర్వాత కొసరు కూడా ఉంది. "నాన్నా, మళ్ళీ కడిగి ఇవ్వాలి" అని షరతు మీద ఇచ్చింది.

పెడల్‌ని చేత్తో నొక్కి పట్టుకుంటే పైవైపు చైన్ బిగుస్తుంది. బిగువులోనే కొలవాలి. ఒక చోట 2 మిల్లీమీటర్లు. పెడల్ తిప్పి ఇంకో చోట చూస్తే 2.2. మూడో చోట 2.5 ఉన్నట్టనిపించింది, కానీ అక్కడ నా కన్ను వంకరగా ఉందేమో. మొత్తానికి ముప్పావు శాతానికి అటూ ఇటూ. ఏ పక్కా స్పష్టంగా పడని అంకె. రైల్వేలో పనిచేసే మిత్రుడు ఇచ్చిన చైన్ చెక్కర్, అంటే అరుగుదల కొలిచే పనిముట్టు, కూడా పెట్టి చూశాను. అది ముప్పావు దాటిందంది. ఆ పనిముట్టు మీద నాకు కాస్త అనుమానం. రెండు రోలర్లనీ, అంటే పిన్నుల చుట్టూ తిరిగే చిన్న గొట్టాల్ని, చెరో వైపుకి తోసి కొలుస్తుంది, కాబట్టి రోలర్ల వదులు కూడా లెక్కలో కలిసిపోతుంది. నిజానికి చైన్ పళ్ళ మీద కూర్చునేటప్పుడు రోలర్లన్నీ ఒకే వైపుకి ఒరుగుతాయి. అనుమానం తీర్చుకుందామని డబ్బాలోని కొత్త చైన్ మీద పెట్టాను. పాకెట్‌లోంచి అప్పుడే తీసిన చైన్‌కి కూడా కాస్త అరుగుదల చూపించింది! స్కేలు మాటే ఖాయం చేసుకున్నాను.

కొత్త చైన్ ఎలాగూ బయటికి వచ్చింది కదా అని, పాతదాన్ని కూడా విప్పాను. చైన్ రెండు కొసల్నీ కలిపే లింకుని విప్పడానికి వేరే ప్లయర్ అమ్ముతారు, నా దగ్గర లేదు. బూటు లేసుని ఆ లింకు రెండు వైపులా దూర్చి ముడేసి గట్టిగా లాగితే టప్పున ఊడొచ్చింది. కొత్తదాంట్లో 116 లింకులున్నాయి, నాకు కావాల్సినవి 112. నాలుగు తీసేసి, రెండు చైన్లనీ బట్టలు ఆరేసే తీగకున్న కొక్కేనికి పక్కపక్కనే వేలాడదీశాను.

ఇవాళ రోజు మొత్తంలో నాకు నచ్చింది ఆ దృశ్యమే. పైన రెండూ ఒకే చోట మొదలవుతాయి. సగం దాకా తేడా ఏమీ కనబడదు. కింద కొసల దగ్గరికొచ్చేసరికి పాతది చిటికెన వేలి గోరంత కిందికి దిగి ఉంది. స్కేలు పెడితే ఒక సెంటీమీటరు పైన కాస్త. దాన్ని 112తో భాగిస్తే ఒక్కో లింకుకి మిల్లీమీటరులో పదో వంతు కన్నా తక్కువే, ఓ వెంట్రుక మందం. ఐదు వేల రెండు వందల కిలోమీటర్లకి ఒక్కో పిన్ను దగ్గర వెంట్రుకవాసి. రెండు చైన్లనీ అడ్డంగా పట్టుకుని చూస్తే కొత్తది బిర్రుగా నిలబడింది. పాతది మధ్యలో విల్లులా పక్కకి వంగిపోయింది. గేరు మార్చినప్పుడు అది ఒక క్షణం ఆలోచించి కదలడం ఈ మధ్య ఎందుకు మొదలైందో అప్పుడర్థమైంది. నేను కేబుల్‌ని తిట్టుకుంటున్నాను ఇన్నాళ్ళూ.

కొలతలో తేలేది చైన్ సంగతే. పళ్ళ సంగతి అంత తేలిగ్గా తేలదు. కాసెట్‌ని కళ్ళతో చూసి నిర్ణయించడం నాకిప్పటికీ చేతకాదు. కొత్త కాసెట్‌లోనే కొన్ని పళ్ళు పొట్టిగా, కొన్ని ఒక పక్కకి చెక్కినట్టుగా ఉంటాయి. చైన్ సులువుగా ఒక చక్రం నుంచి ఇంకో దానికి ఎక్కాలని అలా చేస్తారు. ఆ సంగతి తెలియని రోజుల్లో మంచి కాసెట్‌ని అరిగిపోయిందనుకుని పక్కన పడేశాను. దాని మీద ఇంకో చైన్ హాయిగా తిరిగేదని ఇప్పుడు తలచుకుంటే కడుపు మండుతుంది. చైన్ నడిపించే చిన్న గిలకల్లో పైదాన్ని వేలితో పట్టుకుంటే అటూ ఇటూ ఊగుతుంది. అదీ అరుగుదల కాదు, కావాలనే అలా చేస్తారు. కిందిదాని పళ్ళు మాత్రం నక్షత్రంలా సూదిగా తేలాయి. అది మార్చాలి, పెద్ద ఖర్చేం కాదు.

ముందు చక్రాల్లో 36 పళ్ళది ఎక్కువ పనిచేసింది. కొత్త చైన్ చుట్టి, పెడల్ దగ్గర ముందువైపు లింకుని వేళ్ళతో బయటికి లాగితే కాస్త వెలుతురు కనబడింది, అంతే. పన్ను మొత్తం బయటపడేంత లేవలేదు. అది ఇంకా కొన్నాళ్ళు వస్తుంది. 26 పళ్ళది ఘాట్‌లో తప్ప వాడను, దానికేం కాలేదు. 48 పళ్ళది నా కాళ్ళకి ఎప్పుడూ అక్కరలేదు, అది కొత్త పెళ్ళికూతురులా ఉంది. షాపతని మాట వింటే ఈ మూడూ పోయేవి.

వెనక చక్రాలకి ఒకటే పరీక్ష, కొత్త చైన్ వేసి బరువు పెట్టి తొక్కడం. పదకొండింటికి వాన కాస్త తెరిపిచ్చింది. కైలాసగిరి ఎక్కే దారి పట్టాను. 34, 30, 26 పళ్ళున్న పెద్ద చక్రాల మీద నిలబడి తొక్కాను, మెత్తగా ఉంది. 23, 20 కూడా సరే. 17 మీదికి మార్చి లేచి బలంగా నొక్కగానే టక్‌మంది. పెడల్ ఖాళీలోకి పడిపోయినట్టై మోకాలు హ్యాండిల్‌కి కొట్టుకుంది. ఇంకోసారి నొక్కితే ఇంకోసారి టక్. 15 మీద కూడా అదే కథ. 13, 11 బాగానే ఉన్నాయి, వాటిని వాడేది ఎప్పుడు గనక. బీచ్ రోడ్డు మీద నేను రోజూ తిరిగే గేర్లు ఆ రెండే. పోయినవీ ఆ రెండే.

పాత చైన్‌తో ఆ రెండు చక్రాల మీదా ఇంతకాలం ఒక్కసారి కూడా జారలేదు. రెండూ కలిసి అరిగాయి కాబట్టి ఒకదాని వదులుకి ఇంకోటి సరిపోయింది. చైన్ పొడుగైన కొద్దీ పన్ను కూడా దానికి తగ్గట్టు గుంట పడింది. ఆ గుంటల్లో సరిగ్గా అర అంగుళం కొలతతో కొత్త చైన్ వచ్చి కూర్చోమంటే ఎక్కడ కూర్చుంటుంది? ఇంటికొచ్చి ఇదంతా చెబితే అమ్మ ఒక్క మాటలో తేల్చేసింది: "ఈడూ జోడూ కుదరని సంబంధం."

మధ్యాహ్నం పప్పుచారు, వడియాలు. తిన్నాక మా ఆవిడ "ఇంతకీ అరకు వెళ్తున్నారా లేదా?" అని అడిగింది. అసలు ప్రశ్న అదే. ఎస్.కోట దాటాక ఘాట్ మొదలవుతుంది. అక్కణ్ణుంచి అరకు దాకా, తొమ్మిది వందల మీటర్ల ఎత్తుకి, ముందు 26, వెనక 30 లేదా 34 తప్ప వేరే గేరు ఉండదు నాకు. అవి బాగానే ఉన్నాయి. కాబట్టి కొత్త చైన్ వేసుకుని వెళ్ళినా ఎక్కడం వరకు ఏమీ కాదు. కానీ ఊరు దాటి ఎస్.కోట దాకా ఉన్న చదును రోడ్డంతా 15, 17 మీదే. అనంతగిరి దగ్గర కిందటిసారి సంచుల బరువుతో నిలబడి తొక్కుతుంటే చైన్ ఓసారి జారి పక్కన లారీ వైపు తూలాను. అది గేరు సరిగ్గా పడక జరిగింది, అరుగుదల వల్ల కాదు, అయినా ఆ భయం మోకాలికి గుర్తుంది.

మూడింటికి లేచి పాత చైన్‌ని మళ్ళీ ఎక్కించాను. అరకు దానితోనే. ఇంకో రెండు వందల నలభై కిలోమీటర్లకి కొత్తగా పోయేదేమీ లేదు, ఆ కాసెట్ ఎలాగూ చివరి దశలోనే ఉంది. వచ్చాక కాసెట్, చైన్ రెండూ ఒకేసారి మారుస్తాను. కాసెట్ ఆర్డరు పెట్టేశాను, 11 నుంచి 34 దాకా ఉన్నదే. కొత్త చైన్‌ని డబ్బాలో పెట్టి, తీసిన నాలుగు లింకుల్నీ విడిగా చిన్న పొట్లం కట్టి సంచిలో పడేశాను. దారిలో ఎప్పుడైనా చైన్ తెగితే పనికొస్తాయి. డైరీ చివరి పేజీలో రాసుకున్నాను: 5,200. 2.2 మి.మీ. 15, 17 పోయాయి. వచ్చే చైన్‌ని 1.6 దాటనివ్వకూడదు. కిందటిసారి కూడా అదే పేజీలో అదే మాట రాసి ఉంది, నా చేతిరాతే.

సాయంత్రం బాల్కనీ టైల్స్ మీద డీజిల్ మరక సర్ఫ్ వేసి రుద్దినా పూర్తిగా పోలేదు. దాని మీదికి తులసి కుండీ జరిపాను. అమ్మ చూసింది గానీ ఏమీ అనలేదు. స్కేలు మాత్రం రెండుసార్లు కడిగాను. అయినా అంగుళాల గీతల్లో నలుపు ఉండిపోయింది. రేపు డ్రాయింగ్ క్లాసుందట, ఇంకా చూపించలేదు.