అడుగుకి అంగుళం

చిత్తూరు నుంచి తిరుపతి వచ్చే బస్సులో నాకు జీరో టికెట్టు కొట్టారు, నా ఒళ్ళో ఉన్న ఇంటికి లగేజీ టికెట్టు కొట్టారు. చేత్తో పట్టుకునే కూర్చుంటానని ఎంత చెప్పినా కండక్టరు వినలేదు. రెండడుగుల పైచిలుకు పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న వస్తువు ఒళ్ళో పెట్టుకుంటే పక్క సీటు కూడా సగం పోతుందని ఆయన వాదన. 2025 ఆగస్టు 15న ఆడవాళ్ళకి ఉచిత ప్రయాణం మొదలయ్యాక ఈ రూటు బస్సుల్లో కాలు పెట్టే చోటుండటం లేదు, ఆ మాట నిజమే. డబ్బులు ఇచ్చేశాను. కానీ "ఆ పావురాల గూడు పైన పెట్టేయండి మేడమ్" అన్నాడు చూడండి, దానికి ఒళ్ళు మండింది.

ఎవరో వడ్రంగి ఒక్కో చెక్కా కోసి, కూర్చి కట్టిన పాతకాలపు బొమ్మరిల్లు అది. ముందు పంచ, పంచకి స్తంభాలు, మధ్యలో నడవ, వెనక వంటిల్లు, పైన సీమ పెంకులు. అన్నీ కొయ్యవే.

నేను చిత్తూరు వెళ్ళింది పెళ్ళికి. తెనాలిలో శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తిరుపతి, పాకాల మీదుగా నేరుగా చిత్తూరులో దిగొచ్చు. పెళ్ళి బాగా జరిగింది, సంగటీ శెనక్కాయ ఊరుబిండీ కడుపునిండా తిన్నాను, అంతకు మించి దాని గురించి చెప్పడానికేమీ లేదు. మర్నాడు మా పిన్ని కొడుకు పాత తలుపులు చూడాలని కట్టమంచి వైపు ఒక పాత కలప అంగడికి బయల్దేరితే నేనూ వెంట వెళ్ళాను. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు ఈ ఊరు ఉత్తర ఆర్కాటు జిల్లాకి ముఖ్యపట్టణం. కచేరీల చుట్టూ ప్లీడర్లూ గుమాస్తాలూ కాపురాలు పెట్టిన ఊరు. గ్రీమ్స్‌పేట, మిట్టూరు వైపు అలాంటి పాత ఇళ్ళు అక్కడక్కడా ఇంకా ఉన్నాయి. ఒక్కొక్కటీ పడగొట్టి అపార్ట్‌మెంట్లు లేపుతుంటే ద్వారబంధాలూ దూలాలూ కిటికీలూ ఇదిగో ఇలాంటి అంగళ్ళకి చేరుతున్నాయి.

తలుపుల వరస వెనక, సున్నం డబ్బాల మీద కనబడింది. గదుల్లో ఎండిపోయిన పెయింటు బ్రష్షులు పడేసి ఉన్నాయి. గోడలకి ముదురు నీలం ఎనామిల్ పెయింటు దట్టంగా కొట్టేశారు. కప్పులో ఒక పక్క పెంకులు ఊడిపోయాయి. నాలుగు స్తంభాల్లో ఒకటి లేదు. గ్రీమ్స్‌పేటలో కూలగొట్టిన ఇంటి అటక మీద దొరికిందట. "దాన్దేముంది మా, ఏదో ఒకటి ఇచ్చి ఎత్తకపోండి" అన్నాడు అంగడాయన మొదట. నేను కింద కూర్చుని లోపలికి తొంగి చూడటం గమనించాక అది ఎనిమిది వేలయింది. బ్రష్షులు పెట్టుకునే పెట్టెకి ఎనిమిది వేలు! మా తమ్ముడు రెండు తలుపులు కొంటున్నాడు కాబట్టి చివరికి అయిదు వేల అయిదు వందలకి ఒప్పుకున్నాడు. ఇప్పటికీ ఎక్కువే ఇచ్చానని నా అనుమానం. అక్కడ వదిలేసి వచ్చుంటే మాత్రం ఏడాది పొడుగునా బాధపడేదాన్ని.

మా వైపు బొమ్మల కొలువు సంక్రాంతికి పెడతాం, చిత్తూరు వాళ్ళు దసరాకి పెడతారు. చిన్నప్పుడు కొలువు పక్కన ఇటుకలూ బంకమన్నూ తెచ్చి బొమ్మరిల్లు కట్టేవాళ్ళం, కనుమ నాటికి కూలిపోయేది. తలుపుకి గడియ వేసుకునే బొమ్మరిల్లు చూడటం నాకిదే మొదలు. గడియ అంటే నిజంగా గడియే. వేలి గోరంత ఇనప రేకు, అది పడటానికి చిన్న కొక్కెం.

సరే, బస్సు. పక్క సీట్లో ఒక అవ్వ కూర్చుంది. కండక్టరుతో నా గొడవంతా విని ఏమీ మాట్లాడలేదు. బస్సు ఊరు దాటాక చెయ్యి చాచి తలుపు తోసింది. తర్వాత రెండో తలుపు తోసింది. వంటింట్లో ఒక మూల అంగుళం ఎత్తున పొయ్యి గట్టు ఉంది, దాని మీద రెండు గుంటలు. దాన్ని వేలితో తడిమి "పొయ్యి ఉండాదే!" అంది. ఇక అక్కణ్ణుంచి ఆ ఇల్లు నాది కాదు, అవ్వది. ఎండ ఏ పక్క నుంచి పడుతోందో చూసి, ఇంటిని నా ఒళ్ళోనే తిప్పి వాకిలి తూర్పుకి పెట్టింది. పొయ్యి నైరుతిలో పడింది. అవ్వ మొహం ముడుచుకుంది. "నైరుతిలో ఎవురన్నా పొయ్యి పెడతారా?" అని మళ్ళీ తిప్పింది. ఈసారి వాకిలి ఉత్తరానికి వచ్చింది, పొయ్యి సరిగ్గా ఆగ్నేయానికి కుదిరింది. "ఉత్తరపు వాకిలి మా. వీధికి దక్షిణం పక్క ఇల్లు" అని తేల్చేసింది. వెనక సీటులో ఒకాయన లేచి నిలబడి తనూ సరి చూసుకుని అవునన్నాడు.

నాకు ఆ మాట ఎంత సంతోషం ఇచ్చిందో చెప్పలేను. అప్పటిదాకా నా దగ్గర ఉన్నది ఒక మంచి పాత వస్తువు. అవ్వ చెప్పాక దానికో వీధి వచ్చింది. ఎవరో తాము కాపురం ఉన్న ఇంటినే చూసి చేయించారన్న నమ్మకం కలిగింది. నడవ దూలానికి రెండు ఇనప కొక్కేలున్నాయి, ఉయ్యాల కోసం. అవి కూడా అవ్వే చూపించింది. ఎంతకి కొన్నానో అడిగింది. చెప్పాను. "మూడు మూటల బియ్యం వచ్చుండునే!" అని కాసేపు నా వైపు చూసి, మళ్ళీ తలుపు తెరిచింది. పాకాల క్రాసు దగ్గర దిగేటప్పుడు మాత్రం "మళ్ళా రంగు కొట్టబాకు మా, వాకిలి ఊపిరాడకుండా ఉండాది" అని చెప్పి మరీ దిగింది.

చంద్రగిరి దగ్గర కోట కొండ కనబడింది. అక్కడి రాజమహల్‌ని రాయి, ఇటుక, సున్నంతోనే కట్టారు, కట్టడంలో కలప వాడలేదు. ఒళ్ళో పూర్తిగా కలపతో కట్టిన ఇంటిని పెట్టుకుని ఆ మహల్ ముందు నుంచి వెళ్ళడం నాకు ఎందుకో చాలా నచ్చింది. తిరుపతిలో లాడ్జి వాడు ఒక్క రాత్రికి తీసుకున్న అద్దె గురించి తలచుకోకుండా ఉంటేనే మంచిది.

మర్నాడు కాళహస్తి బస్సెక్కి ఏర్పేడులో దిగాను. ఐఐటీ వచ్చాక ఏర్పేడులో ఆటోల రేట్లు కూడా చదువుకున్నవాళ్ళ రేట్లయ్యాయి. అక్కడి నుంచి మాధవమాల. తిరుపతి అంగళ్ళలో కనబడే చెక్క దేవుళ్ళలో చాలామంది పుట్టిల్లు ఈ ఊరే. వీధిలో నడుస్తుంటే ప్రతి పంచలోనూ ఉలి చప్పుడు వినబడుతుంది. సగం చెక్కిన దశావతారాలు, కాళ్ళు లేని గుర్రం, గోడకి ఆనించిన వెంకటేశ్వరస్వామి. బాగుచేసి ఇస్తారా అని నేను అడిగిన మొదటి ఇద్దరూ బొమ్మరిల్లు చూసి ఒకటే మాట అన్నారు. ఉప్పుకాగితం కొట్టి, కొత్తగా వార్నిష్ వేసి, రెండ్రోజుల్లో తళతళలాడేలా ఇచ్చేస్తామన్నారు. నాకు మనసొప్పలేదు. మూడో ఇంట్లో పెద్దాయన మాత్రం ఇల్లు చేతిలోకి తీసుకోకముందే లోపలికి వెళ్ళి అడుగుబద్ద తెచ్చుకున్నాడు.

వాకిలి కొలిచాడు. ఆరున్నర అంగుళాలు. కిటికీ మూడున్నర. స్తంభం ఏడు. "అడుగుకి అంగుళం లెక్క మా. ఆటసామాను లెక్కన చేసుంటే ఈ కొలతలు రావు. ప్లాను గీసుకుని కట్టినాడు" అన్నాడు. ఇంగ్లండు రాణి మేరీ కోసం 1921, 1924 మధ్య ఒక బొమ్మరిల్లు కట్టారు, ఇప్పటికీ విండ్సర్ కోటలో ఉంది. దాన్ని గీసినాయన న్యూఢిల్లీని గీసిన లుట్యెన్సే. అందులో కరెంటు దీపాలు వెలుగుతాయి, కుళాయిల్లో నీళ్ళొస్తాయి. దాని కొలత కూడా అసలు ఇంట్లో పన్నెండో వంతే, అంటే అడుగుకి అంగుళమే. చేతిలో అడుగుబద్ద ఉన్న ఏ మేస్త్రీకైనా ఆ లెక్క తేలిగ్గా తడుతుంది. చిత్తూరు వడ్రంగికీ అదే తట్టింది.

ఇంటిని బోర్లా తిప్పితే నేల చెక్క అడుగున నల్ల సిరాతో అచ్చు అక్షరాలు, సగానికి కోసేసి. మద్రాసు నుంచి సరుకు వచ్చిన పెట్టె చెక్క. స్తంభాలూ ద్వారబంధాలూ మాత్రం టేకు. కనబడని చోట పెట్టె చెక్క, కనబడే చోట టేకు. ఎక్కడా ఇనప మేకు లేదు. వెదురు చీలలు, వజ్రం బంక. వజ్రం అంటే పశువుల తోలూ ఎముకలూ ఉడికించి తీసే పాతకాలపు బంక. అది తడికీ వేడికీ మెత్తబడుతుంది, అందుకే అంటించింది మళ్ళీ విప్పొచ్చు. మేస్త్రీ వేడినీళ్ళలో ముంచిన గుడ్డ అతుకు మీద వేసి కాసేపు ఆగి, రెండు బొటనవేళ్ళతో నొక్కితే గోడ కిర్రుమనకుండా విడివడింది. ఒక మూల మాత్రం మధ్యలో ఎవరో ఫెవికాల్ పెట్టి అంటించారు. అది ఒక పట్టాన ఊడలేదు, ఆ ఒక్క మూలకే సాయంత్రం అయిపోయింది.

నీలం రంగు ఎలా తీస్తాడోనని నాకు టెన్షన్. రంగు తీసే మందు పూస్తే కింద ఉన్న పాత రంగు కూడా పోతుంది, వేడి చూపిస్తే బంక కరుగుతుంది. ఆయన పగిలిన గాజు ముక్క ఒకటి తీసుకుని, దాని అంచుని ఏటవాలుగా పెట్టి, ఊపిరి బిగపట్టి గీరడం మొదలుపెట్టాడు. ఎనామిల్ సన్నటి చుట్టలుగా లేచింది. కింద గోడలకి సున్నపు తెలుపు, అడుగున కావి రంగు. గడప దగ్గరికి వచ్చేసరికి ఆపేసి నన్ను పిలిచాడు. మూడంగుళాల గడప. దాని మీద పసుపు రంగు పూత, పసుపు మీద కుంకుమ బొట్లు. కుంచె కొసతో పెట్టిన బొట్లు, ఆవగింజంత. ఒకటి కాస్త పక్కకి జారింది. పై కమ్మీకి మామిడాకుల తోరణం గీశారు, ఆకుకి ఈనె కూడా ఉంది. ఎంత ఓపిక! ఎవరి కోసం ఈ బొట్లు పెట్టారో ఆ పిల్ల దీనితో ఎన్నేళ్ళు ఆడుకుందో అనుకుంటూ అక్కడే కూర్చుండిపోయాను.

ఇల్లు ఆయన దగ్గరే వదిలి తెనాలి వచ్చేశాను. మధ్యలో ఫోనులో ఫొటోలు వచ్చేవి. పుచ్చు పురుగు తొలిచిన రంధ్రాల్లోకి సిరంజితో మందు ఎక్కించడం, తర్వాత మైనం నింపడం. పెంకులు విడివిడిగా చెక్కలేదు, పొడుగాటి బద్దకి వరసగా గంట్లు పెట్టి ఒకదాని మీద ఒకటి అంటించాడు, పాతవి కూడా అలాగే ఉన్నాయట. లేని స్తంభాన్ని వేపకర్రతో చేశాడు. దానికి పాత టేకు రంగు కలిసేలా వేయమంటారా అని అడిగితే నేనే వద్దన్నాను. తర్వాత చూసేవాళ్ళకి ఏది పాతదో ఏది కొత్తదో తెలియాలి. మా ఇంట్లో దీని మీద పెద్ద చర్చే జరిగింది. ఇంత ఖర్చు పెట్టి ఒక స్తంభం తెల్లగా ఉండటమేమిటని మావారు. నా మాటే నెగ్గింది.

పైన పాలిష్ కూడా వేయించలేదు. లక్క పల్చగా ఒక్క పూత, అదీ టేకు ఉన్న చోటే.

తీసుకురావడానికి వెళ్ళినప్పుడు మా అమ్మ నాటి తిరుపతి చెక్క బొమ్మల జంట వెంట తీసుకెళ్ళాను. పెళ్ళికూతురికి పుట్టింటివాళ్ళు ఇచ్చే ఆలుమగల బొమ్మలు, అసలు ఎర్రచందనానివి, పసితనంలో నేను నోట్లో పెట్టుకున్న పంటి గాట్లతో సహా. ఈ ఇంట్లో వాళ్ళే కాపురం పెట్టాలని నా కోరిక. పంచలో నిలబెడితే మగబొమ్మ తల చూరు దాటి పైకి వచ్చింది. పది అంగుళాల మనిషి ఆరున్నర అంగుళాల వాకిట్లోంచి ఎలా వెళ్తాడు? మేస్త్రీ కొలతల ప్రకారం ఆ ఇంట్లో వాళ్ళు అయిదున్నర అంగుళాలు ఉండాలి.

అదే ఎర్రచందనంతో చిన్న జంట చేస్తారా అని అడిగాను. చెయ్యనన్నాడు. శేషాచలం, దాని చుట్టుపక్కల కొండల్లో తప్ప ఆ చెట్టు సహజంగా పెరగదు. దొంగతనంగా నరికేవాళ్ళ వల్ల దాని మీద కాపలా గట్టిది, 1995 నుంచి అంతర్జాతీయ వ్యాపారం మీద కూడా ఆంక్షలున్నాయి. "కాగితాలు లేకుండా ఆ చెక్క ముక్క ఇంట్లో ఉన్నా ఇబ్బందే మా" అన్నాడు. ఊళ్ళో చాలామంది లాగే ఆయనా వేప, టేకు పని చేస్తున్నాడు. వేప చాలన్నాను. మగబొమ్మ అయిదున్నర, ఆడబొమ్మ అయిదుంబావు. చీర అంచు చెక్కడమే, రంగు వద్దు. వెయ్యి అడ్వాన్సు ఇచ్చాను. మా కొలువు సంక్రాంతికి కాబట్టి ఆ లోపు వచ్చి తీసుకెళ్ళమన్నాడు. ధనుర్మాసంలో తిరుపతి రైళ్ళలో బెర్తు దొరకడం ఎంత కష్టమో మీకు తెలుసు, ఇప్పటి నుంచే రిజర్వేషన్ చూస్తున్నాను.