ట్రోమ్సో నుంచి లాంగ్‌యర్‌బీన్ దాకా

మా నాన్న ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. ఏ ఊరి పేరు చెప్పినా ముందు అడిగేది "ఎన్ని గంటలు?" అనే. జూన్‌లో ఓస్లో నుంచి ఫోన్ చేసి ఉత్తర ధ్రువానికి దగ్గర్లో ఉన్న నార్వే దీవులు స్వాల్‌బార్డ్‌కి వెళ్తున్నానంటే అదే అడిగారు. "ట్రోమ్సో నుంచి గంటా నలభై నిమిషాలు నాన్నా" అన్నాను. "బస్సులో అయితే?" రోడ్డే లేదు. మధ్యలో అంతా సముద్రం.

ట్రోమ్సో ఉత్తర నార్వేలో, 69 డిగ్రీల అక్షాంశం దాటాక ఉంటుంది. స్వాల్‌బార్డ్‌లోని ముఖ్య పట్టణం లాంగ్‌యర్‌బీన్ 78కి పైన. సూటిగా 950 కిలోమీటర్ల పైచిలుకు. నాన్నకు అర్థమయ్యేలా చెప్పాలని మ్యాప్ చూశాను. హైదరాబాద్ నుంచి నేరుగా ఉత్తరానికి గ్వాలియర్ దాకా గీత గీస్తే దాదాపు అంతే. కాకపోతే మన గీత పొడవునా లెక్కలేనన్ని ఊళ్లు. ఇక్కడ దారిలో తగిలేది బేర్ ఐలాండ్ ఒక్కటే, అక్కడా వాతావరణ కేంద్రంలో పనిచేసే కొద్దిమందే ఉంటారు.

ట్రోమ్సోలో పాస్‌పోర్ట్ చూశారు. స్వాల్‌బార్డ్ నార్వేదే అయినా, ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల ప్రాంతమైన షెంగెన్‌లోకి రాదు. 1920 నాటి స్వాల్‌బార్డ్ ఒప్పందంలో భారత్ కూడా ఉంది. ఆ దీవుల్లో మనకు వీసా అక్కర్లేదు. కానీ దారి నార్వే మీదుగానే కదా, ఇండియా నుంచి వచ్చేవాళ్లు మల్టిపుల్ ఎంట్రీ షెంగెన్ వీసా తీసుకోండి. సింగిల్ ఎంట్రీ అయితే తిరుగు ప్రయాణంలో చిక్కుకుపోతారు.

విమానం గంటన్నర హాయిగా సాగింది. తర్వాత కిటికీ అంతా తెల్లబడింది. కిందికి దిగుతూ దిగుతూ ఒక్కసారిగా ఇంజిన్లు హోరెత్తి మళ్లీ పైకి లేచాం. రెండోసారీ అంతే. పెద్ద విమానం దిగడానికి ఆ దీవుల్లో మరో విమానాశ్రయం లేదు. అందుకే వెనక్కి రావడానికి సరిపడా ఇంధనం ఉంచుకుంటారట. నాకు గుండె దడదడలాడింది. పక్క సీటు పెద్దావిడ మాత్రం ఊలు అల్లుతూనే ఉంది, ఆమెకిది మూడోసారట. దాదాపు నాలుగు గంటలు గాల్లో తిరిగి, బయల్దేరిన చోటే దిగాం.

టెన్షన్‌తో నాన్నకు ఫోన్ చేశాను. "మంచి పని చేశాడమ్మా. దారి కనపడకపోతే దోర్నాల ఘాట్‌లో నేనూ బండి పక్కకు ఆపేసేవాణ్ని. ఎంతమంది తిట్టినా కదిలేవాణ్ని కాదు" అన్నారు. ఆ మాటతో నాకు నిద్రపట్టింది.

మర్నాడు రాత్రి విమానం. ఈసారి మంచుకొండలు, నల్లటి లోయలు, ఫియర్డ్ (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) ఒడ్డున రన్‌వే, అన్నీ స్పష్టంగా కనిపించాయి. ఏడాది పొడవునా గడ్డకట్టి ఉండే నేల మీద 1975లో తెరిచిన విమానాశ్రయం అది. నేల పైపొర కరిగి కుంగుతుంటే రన్‌వేని సరిచేస్తూ ఉండాలి. బయట ధ్రువపు ఎలుగుబంటి బొమ్మతో హెచ్చరిక బోర్డు. ఇంకా 110 కిలోమీటర్లు పైకి వెళ్తే నై-అలెసుండ్ అనే చిన్న ఊరు, అక్కడ 2008 నుంచి మన పరిశోధన కేంద్రం 'హిమాద్రి' ఉంది. చిన్న విమానంలో అరగంట కూడా పట్టదు. ఈసారికి కుదరలేదు, చాలా బాధేసింది.

రాత్రి ఒంటిగంటకు వీడియో కాల్ చేశాను. ఇంటి దగ్గర నాలుగున్నర. ఫస్ట్ బస్సు డ్యూటీ అలవాటు, నాన్న అప్పటికే లేచి కూర్చున్నారు. ఫోన్ తిప్పి, కొండ మీద నిలబడ్డ సూర్యుణ్ని చూపించాను. కాసేపు మాట్లాడలేదు.

"మరి అక్కడ డ్రైవర్లు ఎప్పుడు పడుకుంటారమ్మా?" అన్నారు.