పై నుంచి పోసిన టీ

సంక్రాంతి వెళ్లిన వారానికి నెల్లూరులో మా బంధువుల ఇంట్లో గృహప్రవేశం. హైదరాబాద్ నుంచి ఒకరోజు ముందే రైల్లో దిగాను. మా ఊరు చూసి పదహారేళ్లయింది. ఈసారైనా వెళ్లాలని ముందే అనుకున్నాను.

ఊరికి బయల్దేరేముందు మూలాపేట వేణుగోపాలస్వామి గుడికి వెళ్లాను. హరిజనులను ఈ గుడిలోకి రానివ్వాలని 1946లో పొట్టి శ్రీరాములు గారు నిరాహార దీక్ష చేశారు. ఆ గుమ్మం ఒకసారి కళ్లారా చూడాలని నాకు ఎప్పటినుంచో కోరిక. రాష్ట్రం కోసం 58 రోజులు పస్తుండి 1952లో ప్రాణం వదిలారని చిన్నపిల్లలు కూడా చెప్తారు. అంతకుముందు ఇదే నెల్లూరు వీధుల్లో, చెప్పులూ గొడుగూ లేకుండా, అంటరానితనం పోవాలని రాసిన అట్టలు తగిలించుకుని ఎండలో తిరిగితే జనం పిచ్చివాడన్నారు. ఆ సంగతి మనం ఎందుకు అంతగా చెప్పుకోం? గుడి ముందు పూలమ్మే ఆమెని అడిగాను. "జిల్లాకి పేరు పెట్టినారే, ఆయనే గదా నాయనా. ఈ గుడి సంగతి నాకు తెలీదు" అంది. లోపలికి అందరూ వస్తున్నారు, నీది ఏ కులమని ఎవరూ ఎవర్నీ అడగడం లేదు. నాకు నిజంగా సంతోషం వేసింది.

మైపాడు గేటు దగ్గరికి మా చిన్నాన్న కొడుకు బైక్ మీద వచ్చి ఎక్కించుకున్నాడు. ఊరు దాటి సముద్రం వైపు తిరిగాక, నా చిన్నప్పుడు వరి ఉన్నచోటల్లా రొయ్యల గుంటలే. కోతలప్పుడు ఆ గట్ల మీద యానాదులనే గిరిజనులు ఎలక బొరియలు తవ్వేవాళ్లు. కుండలో గడ్డి రాజేసి బొరియలోకి పొగ ఊదేవాళ్లు. ఎలకలు వాళ్లవి. అవి దాచుకున్న వరి కంకులు కూడా వాళ్లకే అనేవాళ్లు. ఆ పని చేసే ఒక అవ్వ మధ్యాహ్నం మా దొడ్డివాకిలి దగ్గరికి వచ్చి నిలబడేది. మా జేజి (నానమ్మ) గడప దాటకుండా, చెంబు ఎత్తిపట్టి మజ్జిగ పోసేది. ఆ అవ్వ వంగి, దోసిలి పట్టి, మోచేతుల మీదుగా కారిపోతుంటే తాగేది. మా జేజి చాలా మంచిది. ఆకలితో వచ్చిన వాళ్లనెవర్నీ ఉత్త కడుపుతో పంపేది కాదు. ఆ చెంబు మాత్రం ఎప్పుడూ కిందికి దిగలేదు.

మా తమ్ముడికి మూడు గుంటలు, వనామి రకం రొయ్య వేశాడు. గట్టు మీద తాటాకు గుడిసె, అందులో యానాది దంపతులు, పదేళ్ల కూతురు. మేత వెయ్యడం, నీళ్లలో గాలి కలిపే ఫ్యాన్లు తిప్పడం, కాపలా, అన్నీ వాళ్లే. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. ఆ టైములో కరెంటు పోయి ఫ్యాన్లు ఆగితే పంటంతా చచ్చి తేలుతుంది. అందుకని ఇద్దరిలో ఒకరు రాత్రంతా మేలుకుని ఉండాల్సిందే.

బైక్ మీద వస్తూ తమ్ముడు అన్నాడు, "వాళ్ల మీద ఒక కన్నేసి ఉంచాలన్నా, చెయ్యి ఊరుకోదు వాళ్లకి." నాకు మనసు చివుక్కుమంది. తెల్లదొరల కాలంలో ఈ జిల్లా యానాదుల మీద నేరస్థ జాతుల చట్టం కింద నేరస్థ జాతి అని ముద్ర వేశారు. నెల్లూరు జిల్లావారే అయిన వెన్నెలకంటి రాఘవయ్య గారు ఆ చట్టం పోవాలని, వీళ్ల బతుకు బాగుపడాలని ఏళ్ల తరబడి కష్టపడ్డారు. 1952 నాటికి ఆ ముద్ర తీసేశారు. కాగితం మీద తీసేశారు సరే, మా తమ్ముడి నోట్లోంచి ఎవరు తీస్తారు? పైగా లక్షలు పెట్టిన పంటకి కాపలా పెట్టింది వాళ్లనే. వాళ్ల తాతలు మా తాతల పొలాలకీ కాపలా కాశారు. దొంగలైతే తరతరాలుగా మన సొత్తు వాళ్ల చేతుల్లో ఎలా పెట్టాం?

మోటారు షెడ్డు దగ్గర నాకు కుర్చీ వేశారు. గుంట కాసే యానాది అతను నిలబడే ఉన్నాడు. "కూర్చో" అంటే, "ఉండనీ సామీ" అన్నాడు. నాకంటే పెద్దవాడు. తమ్ముడు ఫ్లాస్కులోంచి మా ఇద్దరికీ స్టీలు గ్లాసుల్లో టీ పోశాడు. అతని భార్య పాత హార్లిక్స్ సీసా మూత పట్టుకొచ్చింది. తమ్ముడు ఫ్లాస్కు పైకెత్తి, దూరం నుంచి సన్నటి ధారగా పోశాడు. కొంచెం ఆమె బొటనవేలి మీద పడింది. ఆమె చెయ్యి కదపలేదు. కదిపితే టీ ఒలికిపోతుంది. నా గ్లాసులో టీ నాకు గొంతు దిగలేదు.

పాప బడికి ఎందుకు పోవడం లేదని అడిగాను. రెండో తరగతి దాకా పోయిందట. తర్వాత ఈ గుంటకి వచ్చారు, ఊళ్లో బడి దూరం. ఆధార్ తల్లికి ఒక్కదానికే ఉంది. అది లేక కుల ధ్రువీకరణ పత్రం లేదు, అది లేక హాస్టల్ సీటు లేదు. పోనీ ఊళ్లోకి మారిపోండి అంటే అతను తమ్ముడి వైపు చూశాడు. నాలుగేళ్ల కిందట ముప్పై వేలు అడ్వాన్సు తీసుకున్నారు. అది తీరేదాకా కదలడానికి లేదు.

"ఇది తప్పురా" అన్నాను తమ్ముడితో. వెట్టిచాకిరీని నిషేధిస్తూ 1976లోనే చట్టం వచ్చిందనీ, మనిషిని కట్టిపడేసే అలాంటి అప్పు అసలు చెల్లదనీ చెప్పాను. వాడికి కోపం వచ్చింది. "ఏందన్నా, ఒక్కపూట వచ్చి చట్టాలు చెప్తావు. జొరమొస్తే ఆస్పత్రికి తీసకపోయేది నేను. వాళ్లకి బియ్యం తెచ్చేది నేను. రేపు వాళ్లు ఎల్లిపోతే గుంట నువ్వు కాస్తావా?" వాడు చెప్పిందీ అబద్ధం కాదు. ఆస్పత్రికి తీసుకుపోయేదీ వాడే, కదలనివ్వనిదీ వాడే. మా జేజి మజ్జిగ గుర్తొచ్చింది. ఈ దయతోనే మనం తప్పు చేస్తున్నామన్న ఆలోచన కూడా రాకుండా ఇన్నేళ్లు గడిపేశాం. నేనూ అందులోవాణ్ణే. మా చదువుల ఫీజులు ఈ భూమి మీది పంటతోనే కట్టారు.

తమ్ముడు మేత చూడ్డానికి అవతలి గట్టుకి పోయాడు. అతను షెడ్డులో మేకుకి తగిలించిన నోటు పుస్తకం తెచ్చి నా ముందు పెట్టాడు. "మా లెక్క ఎంతుందో చదివి చెప్తారా సామీ?"

"ఎప్పుడూ అడగలేదా?"

"అడిగితే కోపం చేస్తారేమోనని అడగలా."

బియ్యం, మాత్రలు, పండక్కి చీర, మధ్యలో వడ్డీ. జీతంలో పట్టుకున్నవీ ఉన్నాయి. అయినా చివర్లో నలభై ఒక్క వెయ్యి రెండు వందలు. తీసుకున్నది ముప్పై. పైకి చదివాను. అతను ఏమీ అనలేదు. భార్య వైపు చూశాడు.

"కాగితం మీద రాసిస్తారా?"

నా డైరీలోంచి ఒక పేజీ చింపి, పెద్ద అంకెల్లో రాసి, పక్కన తేదీ వేశాను. కింద నా ఫోన్ నంబర్ కూడా రాశాను. తమ్ముడు తిరిగొచ్చి, మాట్లాడకుండా బైక్ స్టార్ట్ చేశాడు. పాప కాగితం తీసుకుని, గుడిసె ముందు గొంతుక్కూర్చుని, ఒక్కో అంకె కింద వేలు పెట్టి వాళ్ల నాన్నకి చదివి వినిపిస్తోంది. "నాలుగు. ఒకటి. రెండు. సున్నా. సున్నా."